ముందేది, వెనకేది: రక్తనాళాల వాపు జబ్బులో థైరాయిడ్ లెక్క

వాడుక తెలుగులో నరం అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. మెదడు నుంచి కబురు మోసేదీ నరమే, సూది గుచ్చి రక్తం తీసేదీ నరమే. అందుకే రక్తనాళాల గోడల్లో వాపు పుట్టే జబ్బు వచ్చినవాళ్లు ‘నరాల జబ్బు’ అనే చెప్పుకుంటారు. వినేవాళ్లు పక్షవాతమనో, కాళ్లలో ఉబ్బిన సిరలనో అనుకుంటారు. ఇది ఆ రెండూ కాదు. ఒంటిని కాయాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత రక్తనాళాల గోడల మీదే పడటం దీనికి మూలం. వైద్యులు దీన్ని వాస్కులైటిస్ అంటారు. అదే రక్షణ వ్యవస్థ గొంతు ముందున్న చిన్న గ్రంథి మీద పడితే వచ్చేదాన్ని మన ఇళ్లలో ‘థైరాయిడ్ వచ్చింది’ అంటాం. ఈ రెండూ ఒకే మనిషిలో కనిపించినప్పుడు రోగి అడిగే మొదటి ప్రశ్న ‘దానివల్ల ఇది వచ్చిందా?’ అని. గత నాలుగు దశాబ్దాల పరిశోధనను వరసగా పెట్టి చూస్తే, ఆ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు దొరకదు. ‘ఏది ముందు, ఏది వెనక?’ అని అడిగితే మాత్రం చాలా సందర్భాల్లో జవాబు దొరుకుతుంది. ఈ రెండు జబ్బుల సంబంధంలో అసలు ఆధారం తేదీల్లో ఉందన్నదే ఈ సమీక్ష వాదం.

సూరత్‌లో డిండోలీని ఆనుకుని ఉన్న నవాగామ్‌లాంటి చోట ఈ వాదానికి బరువు మరీ ఎక్కువ. అక్కడా, దగ్గర్లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లోనూ తెలంగాణ జిల్లాల నుంచి సాంచాల (మరమగ్గాల) పని వెంట వచ్చిన కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. వీరిలో పద్మశాలీలు ఎక్కువ. సిరిసిల్ల, సోలాపూర్, భివండి, సూరత్ వీరికి ఒకే దారిలోని మజిలీలు. తెలుగు పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోంది. అయితే బతుకు రెండు ఊళ్ల మధ్య నడిచేవాళ్ల వైద్యపు కాగితాలు ఒకచోట ఉండవు. థైరాయిడ్ మాత్ర పుట్టింటికి పోయినప్పుడు కరీంనగర్‌లోనో వరంగల్‌లోనో మొదలై ఉంటుంది. ఒళ్లు నొప్పులకు సూరత్‌లో స్మిమేర్ ఆసుపత్రిలోనో సివిల్ ఆసుపత్రిలోనో చూపించుకుని ఉంటారు. పెద్ద జబ్బన్న అనుమానం వస్తే హైదరాబాద్ నిమ్స్‌కో వేలూరు సీఎంసీకో ప్రయాణం కడతారు. ఒక్కోచోట ఒక్కో చీటీ మిగులుతుంది గాని ఏ మాత్ర ఎప్పుడు మొదలైంది, ఏ లక్షణం దాని తర్వాత వచ్చింది అన్న వరస మాత్రం దారిలో జారిపోతుంది. వైద్యుడికి కావలసింది ఆ వరసే.

ఒకే వేరుకు రెండు కొమ్మలా?

ఈ రెండు జబ్బుల చరిత్ర దగ్గర దగ్గరగానే మొదలైంది. 1908లో జపాన్ కంటి వైద్యుడు మికితో తకయాసు ఒక యువతి కంటి లోపల రక్తనాళాలు దండలా అల్లుకుని ఉండటాన్ని వివరించాడు. మహాధమని, దాని కొమ్మలు వాచి, సన్నబడి, చివరికి చేతిలో నాడి దొరకని స్థితికి తెచ్చే జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. నాలుగేళ్ల తర్వాత, 1912లో, జపాన్‌కే చెందిన హకారు హషిమోతో నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథుల్లో తెల్లకణాలు గుంపులుగా చేరి ఉండటాన్ని వర్ణించాడు. ఇద్దరికీ కారణం తెలియదు. ఒంటి రక్షణ వ్యవస్థ సొంత అవయవం మీదే తిరగబడుతుందన్న మాట 1956లో గాని నిలబడలేదు. ఆ ఏడు రోజ్, విటెబ్‌స్కీ కుందేళ్లలో థైరాయిడ్ వాపు పుట్టించి చూపారు. అదే ఏడు రోయిట్, డోనియాక్ బృందం హషిమోతో రోగుల రక్తంలో థైరాయిడ్‌కు వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలను పట్టుకుంది. అంటే ఒళ్లు తన మీద తానే దాడి చేసుకునే జబ్బుల అవగాహనకు థైరాయిడ్ ఒక తొలి పాఠం. రక్తనాళాల వాపులో ఇలాంటి ఆధారం దొరకడానికి ఇంకా కాలం పట్టింది. చిన్న రక్తనాళాలను దెబ్బతీసే రకాల్లో తెల్లకణాల లోపలి పదార్థాల మీద గురిపెట్టే ఆంకా అనే యాంటీబాడీల ప్రాధాన్యం 1980లలో బయటపడింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రక్తనాళాల వాపు ఒక్క జబ్బు కాదు, ఒక కుటుంబం. 1994లో అమెరికాలోని చాపెల్ హిల్‌లో కుదిరిన పేర్ల ఒప్పందం, దానికి 2012లో చేసిన సవరణ, ఈ కుటుంబాన్ని దెబ్బతినే నాళాల పరిమాణం బట్టి విడదీశాయి. పెద్ద ధమనులను పట్టేది తకయాసు జబ్బు. ఇది మన దేశంలో పడుచు ఆడవాళ్లలో కనిపించే ముఖ్యమైన రకం. దాని తీవ్రతను కొలవడానికి మన వైద్యులే ఐటాస్ 2010 అనే కొలబద్దను తయారుచేశారు. 50 ఏళ్లు దాటినవారిలో కణతల దగ్గరి ధమనులను పట్టే జెయింట్ సెల్ రకం యూరప్‌లో ఎక్కువ, మన దగ్గర అరుదు. మూత్రపిండాలు, ఊపిరితిత్తుల్లోని సన్నని నాళాలను పట్టేవి ఆంకా రకాలు. హెపటైటిస్ సి వెంట వచ్చే క్రయోగ్లోబ్యులిన్ రకం మరొకటి. థైరాయిడ్‌తో సంబంధం వీటన్నిటిలో ఒకే తీరులో ఉండదు. అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘సంబంధం ఉంది’ అన్నా ‘లేదు’ అన్నా తప్పే.

సంబంధం ఉండవచ్చనడానికి జీవశాస్త్రం ఇచ్చే గట్టి సూచన ఆంకా రకంలో ఉంది. థైరాయిడ్ హార్మోను తయారీకి పనికొచ్చే థైరోపెరాక్సిడేజ్ అనే ఎంజైము, తెల్లకణాల్లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఒకే వంశానికి చెందినవి. వాటి అమైనో ఆమ్లాల వరసలో 40 శాతానికి పైగా పోలిక ఉంది. హషిమోతో జబ్బులో గురి మొదటిదాని మీద, ఒక రకం ఆంకా జబ్బులో గురి రెండోదాని మీద. అన్నదమ్ముల్లాంటి రెండు ప్రొటీన్ల మీద రెండు జబ్బులు గురిపెట్టడం ఆలోచించదగ్గ విషయమే. పీటీపీఎన్22 అనే జన్యువులోని ఒక మార్పు కూడా రెండు జబ్బుల ముప్పునూ పెంచుతుందని యూరప్ జనాభాలో తేలింది. అయితే ఆ మార్పు ఆసియా ప్రజల్లో చాలా అరుదు. తకయాసు జబ్బుకు ముడిపడిన హెచ్‌ఎల్‌ఏ బి52 వేరే దారిది. కాబట్టి యూరప్‌లో దొరికిన వివరణను తెలుగువాళ్లకు అలాగే అతికించలేం. పోలిక అనుమానానికి చాలు, తీర్పుకు చాలదు.

యాదృచ్ఛికమేనా?

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. థైరాయిడ్ లోపం మన దేశంలో ఎంత మామూలంటే, ఏ జబ్బు ఉన్నవాళ్లను పదిమందిని తీసుకున్నా ఒకరిలో అది కనిపించవచ్చు. ఉన్నికృష్ణన్ బృందం 2013లో ప్రచురించిన ఎనిమిది నగరాల అధ్యయనం 5376 మంది పెద్దవాళ్లను చేర్చుకుంది. హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ లోపం, 10.95 శాతం మందిలో ఉంది. ఆడవాళ్లలో అది 15.86 శాతం. మొత్తంలో 3.47 శాతం మందికి తమకు ఆ లోపం ఉన్నట్టే తెలియదు. థైరాయిడ్ యాంటీబాడీలు 21.85 శాతం మందిలో కనిపించాయి. ఆ ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఉంది, అహ్మదాబాద్ ఉంది. అంటే నవాగామ్‌లోని తెలుగు కుటుంబానికి విడిచి వచ్చిన రాష్ట్రంలోనూ ఇది మామూలే, చేరిన రాష్ట్రంలోనూ మామూలే. ఇలాంటి దేశంలో తకయాసు జబ్బున్న ఒక పడుచుకు థైరాయిడ్ లోపం కూడా ఉందని వైద్య పత్రికలో ఒక కేసు అచ్చయితే, అది సంబంధానికి రుజువు కాదు. యాంటీబాడీ పాజిటివ్ వచ్చిందని జబ్బు ఉన్నట్టూ కాదు. అలా అనుకుంటే దేశంలో అయిదుగురిలో ఒకరిని రోగి అనాల్సి వస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా సూక్ష్మమైనది. దీర్ఘకాలిక జబ్బున్నవాళ్లు తరచూ ఆసుపత్రికి వెళ్తారు, తరచూ రక్తం ఇస్తారు. వెతికినచోట దొరుకుతుంది. బయట తెలియకుండా తిరుగుతున్న థైరాయిడ్ లోపం వీళ్లలో బయటపడుతుంది గనక లెక్క పెరిగినట్టు కనిపిస్తుంది. ఈ అభ్యంతరంలో చాలా నిజం ఉంది. అందుకే ఒంటరి కేసుల కన్నా, పోల్చి చూసిన అధ్యయనాలకే విలువ ఇవ్వాలి. అమెరికాలో చాపెల్ హిల్ బృందం 2007లో, లండన్‌లో మరో బృందం ఆ తర్వాతి దశాబ్దంలో ఆంకా రోగులను పరిశీలించాయి. రెండు చోట్లా థైరాయిడ్ జబ్బు ఊహించినదానికన్నా ఎక్కువగానే కనిపించింది. అది ఆంకా రోగులందరిలో సమానంగా కాకుండా, మైలోపెరాక్సిడేజ్ మీద గురిపెట్టే రకంలోనే ఎక్కువగా ఉండటం అసలు విశేషం. తరచూ పరీక్షలు చేయడమే కారణమైతే, అన్నే పరీక్షలు చేయించుకునే ఇంకో ఆంకా రకం వాళ్లలోనూ అంతే ఉండాలి కదా. ఆ తేడా అభ్యంతరాన్ని పూర్తిగా కొట్టేయకపోయినా, బాగా బలహీనం చేస్తుంది.

మిగతా రకాల్లో చిత్రం ఇంత స్పష్టంగా లేదు. జెయింట్ సెల్ రకంలో పాత అధ్యయనాలు ఒకదాన్నొకటి ఖండించాయి. ఇజ్రాయెల్‌లో ఒక పెద్ద ఆరోగ్య సంస్థ రికార్డులను తవ్వి 2017లో ప్రచురించిన పరిశోధన మాత్రం థైరాయిడ్ లోపం ఈ రోగుల్లో ఎక్కువేనంది. క్రయోగ్లోబ్యులిన్ రకంలో ఇటలీలోని పీసా బృందం పోల్చి చూసి, థైరాయిడ్ యాంటీబాడీలు, లోపం రెండూ ఎక్కువగా ఉన్నట్టు చూపింది. ఒకప్పుడు హెపటైటిస్ సికి ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ సూదులు కూడా థైరాయిడ్‌ను చెడగొట్టేవి గనక, జబ్బు వాటా ఎంత, మందు వాటా ఎంత అన్నది విడదీసి చూడాల్సి వచ్చేది. కొత్త మాత్రలు వచ్చాక ఆ చిక్కు తగ్గింది. తకయాసు జబ్బులో ఉన్నవి ఎక్కువగా ఒంటరి కేసులు. మన దేశానికి ముఖ్యమైన రకంలోనే ఆధారం పలచగా ఉంది. అందువల్ల తకయాసు రోగికి ‘నీ థైరాయిడ్ ఈ జబ్బు వల్లే’ అని చెప్పడానికి ఈనాటి ఆధారం ఒప్పదు. 2022లో అమెరికా, యూరప్ సంఘాలు కలిసి ప్రకటించిన వర్గీకరణ ప్రమాణాల్లోనూ థైరాయిడ్‌కు చోటు లేదు. అది సరైన నిర్ణయమే.

మందే కారణమైనప్పుడు

ఇంతదాకా రక్తనాళాల జబ్బు ముందు, థైరాయిడ్ వెనక అన్న వరసలో ఆలోచించాం. వరస తిరగబడే సందర్భం ఒకటుంది. ఈ మొత్తం సమస్యలో కారణం–ఫలితం సంబంధం గట్టిగా రుజువైనది అక్కడే. థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ జబ్బుకు ఇచ్చే ప్రొపైల్‌థయోయురాసిల్ అనే మాత్ర వాడినవారిలో ఆంకా యాంటీబాడీలు పుట్టి రక్తనాళాల వాపు వచ్చిందని 1993లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ తర్వాత చాలా దేశాల నుంచి అలాంటి నివేదికలే వచ్చాయి. ఈ అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి ఒక సమీక్ష ప్రకారం ఆ మాత్ర వాడినవారిలో ఆంకా పాజిటివ్ అయినవారు 4 నుంచి 64 శాతం దాకా, మధ్యస్థంగా 30 శాతం. అదే పనికి వాడే మెథిమజోల్‌తో మధ్యస్థంగా 6 శాతమే. మన మందుల షాపుల్లో ఎక్కువగా దొరికే కార్బిమజోల్ ఒంట్లోకి వెళ్లాక మెథిమజోల్‌గానే మారుతుంది. ప్రొపైల్‌థయోయురాసిల్ ఎన్నాళ్లు వాడితే ముప్పు అంత పెరుగుతుంది. అది తెల్లకణాల్లో పేరుకుని, మైలోపెరాక్సిడేజ్‌తో తగులుకుని, ఆ ఎంజైమును ఒంటికి పరాయిదానిలా కనిపించేట్టు చేస్తుందన్నది ఇప్పటి వివరణ. 2012 నాటి పేర్ల ఒప్పందం మందు వల్ల వచ్చే ఆంకా జబ్బును విడిగా గుర్తించింది.

యాంటీబాడీ పుట్టిన ప్రతివారికీ జబ్బు రాదు. అదే సమీక్ష లెక్కన ఆంకా పాజిటివ్ అయినవారిలో సుమారు 15 శాతం మందిలోనే రక్తనాళాల వాపు లక్షణాలు కనిపించాయి. కీళ్ల నొప్పులు, కాళ్ల మీద ఎర్రని మచ్చలు, కారణం తెలియని జ్వరం, మూత్రంలో రక్తం, దగ్గులో రక్తం వీటిలో ముఖ్యమైనవి. ఇక్కడ మరో అభ్యంతరం వస్తుంది: ఇదంతా రాస్తే రోగులు భయపడి మాత్ర మానేస్తారు కదా? అది నిజంగానే ప్రమాదం. వైద్యం లేని గ్రేవ్స్ జబ్బు గుండె లయను తప్పిస్తుంది, ఎముకలను పలచబరుస్తుంది, ముదిరితే ప్రాణం మీదికి తెస్తుంది. ముప్పుల్ని తూచి చూస్తే మాత్ర వైపే తక్కెడ మొగ్గుతుంది. గర్భం మొదటి మూడు నెలల్లో కార్బిమజోల్ బిడ్డకు హాని చేసే అవకాశం ఉండటంతో వైద్యులు ఎంచుకునేది ఈ ప్రొపైల్‌థయోయురాసిల్‌నే. కాబట్టి జవాబు భయం కాదు, గుర్తు. ఆ మాత్ర మొదలైన తేదీ ఫైల్లో ఉండాలి. మచ్చలో, రక్తం కలిసిన మూత్రమో వస్తే అదే రోజు మాత్ర చీటీతో వైద్యుణ్ని కలవాలి. మందు వల్ల వచ్చిన రకానికి ఒక మంచి లక్షణం ఉంది: తొందరగా పట్టుకుని మందు ఆపితే చాలామందిలో జబ్బు సద్దుమణుగుతుంది, తిరగబెట్టడం అరుదు. తేదీ తెలియని వైద్యుడు దాన్ని మామూలు ఆంకా జబ్బుగా తీసుకుని ఏళ్ల తరబడి గట్టి మందులు ఇవ్వవచ్చు, అసలు కారకమైన మాత్ర పక్కన నడుస్తూనే ఉండవచ్చు. ఇంతకన్నా ఖరీదైన తప్పు ఈ రంగంలో లేదు.

రిపోర్టు తప్పు దారి పట్టించే వేళలు

మూడో వరస ఇంకొకటి. థైరాయిడ్‌లో జబ్బేమీ లేకుండానే రిపోర్టు చెడ్డగా రావచ్చు. రక్తనాళాల వాపు ఉద్ధృతంగా ఉన్నప్పుడు ఒళ్లు శక్తిని పొదుపు చేసుకోవడానికి టీ3 అనే థైరాయిడ్ హార్మోనును తగ్గిస్తుంది. థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్ హార్మోను కూడా తగ్గవచ్చు. కోలుకునేటప్పుడు అదే టీఎస్‌హెచ్ కొన్నాళ్లు మామూలు హద్దు దాటి పెరగవచ్చు. ఆసుపత్రి మంచం మీద తీసిన రిపోర్టు చూసి మాత్ర మొదలుపెట్టేస్తే, లేని జబ్బుకు జీవితకాల వైద్యం అంటగట్టినట్టే. దీనికి తోడు స్టెరాయిడ్లు. ఈ జబ్బుకు మొదటి ఆయుధం ప్రెడ్నిసలోన్. ఎక్కువ మోతాదులో అది టీఎస్‌హెచ్‌ను అణచివేస్తుంది, టీ4 అనే మరో థైరాయిడ్ హార్మోను టీ3గా మారడాన్ని తగ్గిస్తుంది. స్టెరాయిడ్ మీదున్న మనిషి రిపోర్టు, మానేసిన తర్వాతి రిపోర్టు రెండూ వేర్వేరు భాషలు. మోతాదు, తేదీ పక్కన రాయకపోతే ఏ భాషో తెలియదు. కొన్ని ‘ఆయుర్వేద’ పొడుల్లో చెప్పకుండా స్టెరాయిడ్ కలిపి అమ్మిన ఉదంతాలు మన దేశంలో ఉన్నాయి గనక, పేరు లేని పొట్లాల సంగతీ వైద్యుడికి చెప్పాల్సిందే.

అయోడిన్ మరో మాయ. తకయాసు రోగికి ధమనుల దారి చూడటానికి సీటీ యాంజియోగ్రామ్ తీస్తారు. సుమారు 100 మిల్లీలీటర్ల కాంట్రాస్ట్ మందులో 30 గ్రాములకు పైగా అయోడిన్ ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. ఆ అయోడిన్‌లో ఎక్కువ భాగం బంధంలోనే ఉండి మూత్రంలో పోతుంది. విడిగా ఉండే కొద్ది భాగమే రోజు అవసరానికి ఎన్నో రెట్లు. చాలామందిలో దీనివల్ల ఏమీ కాదు. పాత గడ్డలున్న గ్రంథి అయితే కొన్ని వారాల తర్వాత అతిగా పనిచేయవచ్చు, హషిమోతో ఉన్న గ్రంథి అయితే పని తగ్గించవచ్చు. గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్ బరువులో 37 శాతం అయోడినే. దాని ప్రభావం మందు మానేశాక కూడా నెలల తరబడి ఉంటుంది. జుట్టు రాలుతోందని వాడే బయోటిన్ ఎక్కువ మోతాదులో థైరాయిడ్‌ను ముట్టుకోకపోయినా, కొన్ని యంత్రాల కొలతను తప్పిస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిని ప్రొటీన్ ఎక్కువగా పోతుంటే, హార్మోనును మోసే ప్రొటీన్లు కూడా పోతాయి. అప్పుడు మొత్తం టీ4 తక్కువగా కనిపిస్తుంది, మాత్ర వాడేవారికి మోతాదు పెంచాల్సి రావచ్చు. స్కాన్ తేదీ, మాత్రల పేర్లు, మూత్రంలో ప్రొటీన్ లెక్క పక్కన లేని టీఎస్‌హెచ్ అంకె సగం వాక్యం లాంటిది.

లక్షణాల పోలిక

రిపోర్టులే కాదు, లక్షణాలూ మోసం చేస్తాయి. తకయాసు జబ్బు మొదట్లో కొందరికి మెడ ముందు పక్కల నొప్పి, జ్వరం, నీరసం, ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్ పెరగడం ఉంటాయి. థైరాయిడ్ గ్రంథి తాత్కాలికంగా వాచే డీ కెర్వాన్ జబ్బులోనూ సరిగ్గా ఇవే ఉంటాయి. ఒకదానిలో నొప్పి మెడ ధమనిది, ఇంకోదానిలో గ్రంథిది. రెండింటికీ స్టెరాయిడ్ ఇస్తే నొప్పి తగ్గుతుంది గనక, పొరపాటు చాలాకాలం దాక్కునే ఉంటుంది. అలాంటప్పుడు రెండు చేతుల్లో బీపీ చూడటం, రెండు మణికట్ల నాడి పట్టి చూడటం, మెడ మీద స్టెతస్కోప్ పెట్టి వినడం వంటి పైసా ఖర్చు లేని పరీక్షలు దారి చూపుతాయి. థైరాయిడ్ అతిగా పనిచేస్తే గుండె దడ, బరువు తగ్గడం. రక్తనాళాల వాపులోనూ బరువు తగ్గుతుంది. థైరాయిడ్ లోపంలో బరువు పెరగడం, ముఖం ఉబ్బడం, కండరాల నొప్పి, అలసట. స్టెరాయిడ్ వల్లా ముఖం ఉబ్బుతుంది, కండరాలు బలహీనమవుతాయి. చేతి ధమని సన్నబడ్డ మనిషికి ఆ చేతిలో చూసిన బీపీ తక్కువగా అబద్ధం చెబుతుంది. థైరాయిడ్ లోపం వల్ల పెరిగిన బీపీ కూడా దాని చాటున కనిపించకుండా పోవచ్చు. థైరాయిడ్ లోపం చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, ధమనులను బిగుసుకునేట్టు చేస్తుంది. ఇప్పటికే గోడలు దెబ్బతిన్న ధమనులకు అది రెండో దెబ్బ. థైరాయిడ్ ఈ జబ్బుకు కారణం కాకపోయినా, దాన్ని పట్టించుకోవడానికి ఇదే తగిన కారణం.

ఎప్పుడు పరీక్ష, ఎలా మాత్ర

ఇంత చెప్పాక ‘అయితే ప్రతిసారీ థైరాయిడ్ పరీక్ష చేయించాలా?’ అన్న ప్రశ్న సహజం. అక్కర్లేదు. అవసరం లేని పరీక్ష అవసరం లేని మాత్రను తెస్తుంది. టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువ, టీ4 మామూలుగా ఉండే పెద్దవాళ్లకు మాత్ర ఇస్తే మేలు జరుగుతుందా అని యూరప్‌లో 65 ఏళ్లు దాటిన 737 మందిలో చూసిన ట్రస్ట్ ప్రయోగం 2017లో ఫలితం చెప్పింది: లక్షణాల్లో తేడా ఏమీ రాలేదు. పడుచువాళ్లకు దీన్ని అలాగే అన్వయించలేం. తొందర వద్దన్న పాఠం మాత్రం అందరికీ వర్తిస్తుంది. ఆధారాలన్నీ కలిపి చూస్తే సబబుగా తోచే పద్ధతి ఇది. జబ్బు నిర్ధారణయ్యాక, తీవ్రత తగ్గి ఒళ్లు నిలకడ పడ్డప్పుడు ఒకసారి టీఎస్‌హెచ్ చూడాలి. తేడా వస్తే 6 నుంచి 8 వారాల తర్వాత మళ్లీ చూసి గాని తేల్చుకోకూడదు. మైలోపెరాక్సిడేజ్ ఆంకా ఉన్నవారికి, ఇంట్లో థైరాయిడ్ ఉన్నవారికి ఏడాదికోసారి చూడటంలో అర్థముంది. గర్భానికి ముందు, గర్భం రాగానే, అయోడిన్ స్కాన్ తర్వాత కొత్త దడో నీరసమో వస్తే తప్పక చూడాలి. మిగతావారికి లక్షణాన్ని బట్టి చూస్తే చాలు.

మాత్ర అవసరమని తేలాక కూడా ఈ రోగులకు కొన్ని మెలికలున్నాయి. స్టెరాయిడ్ ఎముకలను తినేస్తుందని కాల్షియం ఇస్తారు, కడుపు మంటకు మందు ఇస్తారు, రక్తహీనతకు ఐరన్ ఇస్తారు. ఈ మూడూ థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. కాల్షియం, ఐరన్‌లకూ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉంచకపోతే టీఎస్‌హెచ్ దిగదు, వైద్యుడు మోతాదు పెంచుతూ పోతాడు. పరగడుపున అన్న నియమం పన్నెండు గంటల రాత్రి పాళీ చేసి పొద్దున్నే తిని పడుకునే సాంచాల కార్మికుడికి కుదరదు. పడుకునే ముందు వేసుకున్నా పరగడుపు మాత్రకు తీసిపోదని 2010లో నెదర్లాండ్స్‌లో 90 మందిలో చేసిన ప్రయోగం చూపింది. నిద్ర ఏ వేళకైనా, దానికి ముందు మూడు గంటలు ఏమీ తినకుండా ఉంటే చాలు. మరో రెండు హెచ్చరికలు ప్రాణానికి సంబంధించినవి. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానేసిన మనిషికి అడ్రినల్ గ్రంథులు నిద్రపోతుంటాయి. అప్పుడు థైరాయిడ్ మాత్ర పెద్ద మోతాదులో మొదలుపెడితే అడ్రినల్ సంక్షోభం రావచ్చు. ఊరికి పోయినప్పుడు స్టెరాయిడ్ అయిపోతే మానేయడం, అక్కడ కొత్త వైద్యుడు థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టడం, ఈ రెండూ కలిస్తే ఆ ప్రమాదం నిజమవుతుంది. గుండె ధమనుల ముఖద్వారాలు సన్నబడ్డ తకయాసు రోగికైతే చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

ఇక మిగిలే అభ్యంతరం ఒక్కటే: ఇంత వివరం రోగి ఎందుకు మోయాలి, ఇది వైద్యుడి పని కదా? నిజమే, అర్థం చెప్పడం వైద్యుడి పనే. అయితే తేదీల వరస ఏ ఒక్క వైద్యుడి దగ్గరా లేదు. వరంగల్ వైద్యుడికి సూరత్ స్కాన్ కనిపించదు, సూరత్ వైద్యుడికి వేలూరు స్టెరాయిడ్ మోతాదు తెలియదు. ఆ ముగ్గురి మధ్య తిరిగేది రోగి ఒక్కరే గనక, వరస మోయగలిగేది రోగే. నవాగామ్‌లో మీటర్ల లెక్కన కూలి తీసుకునే ఇళ్లలో తేదీ వేసి లెక్క రాసుకోవడం కొత్త విద్యేమీ కాదు. ఫైలు మొదటి కాగితం మీద నాలుగు గళ్లు గీస్తే చాలు: థైరాయిడ్ మాత్ర పేరు, మొదలైన తేదీ; స్టెరాయిడ్ మోతాదు, మారిన తేదీలు; అయోడిన్ మందు ఎక్కించి తీసిన స్కాన్ తేదీ; మచ్చలు, నొప్పులు, మూత్రంలో రక్తం మొదటిసారి కనిపించిన తేదీ. వైద్యశాస్త్రం నలభై ఏళ్లుగా ఈ రెండు జబ్బుల మధ్య వెతుకుతున్న సంబంధం ఒక ప్రత్యేకమైన మనిషిలో ఉందా లేదా అన్నది, చాలాసార్లు ఆ నాలుగో గడిలోని తేదీ మొదటి గడిలోని తేదీకి ముందా, వెనకా అన్నదాని మీదే తేలుతుంది.